మొరాయించిన బండి, జి.డి. నాయుడు గారు



రిసాలిలో జనవరి ఉదయాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. మైత్రీ బాగ్ వైపు నుంచి చలిగాలి వీస్తుంటుంది. మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్ల స్కూటర్లు క్వార్టర్ల ముందు ఒక్కొక్కటిగా దగ్గుతూ లేస్తాయి. ఆ వరుసలో ఏదో ఒక ఇంటి ముందు ఒక కారు మాత్రం కుర్ర్ కుర్ర్ అని మూలుగుతుంది గానీ లేవదు. రెండేళ్ల కిందట అలా మూలిగిన కారు మాదే. మిమ్మల్ని దాచడమెందుకు, ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు వచ్చి తోస్తే గానీ ఆ వారంలో రెండు రోజులు మేము బడికి చేరలేదు.

అది పాత కారు. మాకంటే ముందు బదిలీ అయిన ఒకరి దగ్గర కొన్నాం. మీ ఇళ్లలోనూ ఇలాంటి వస్తువులు ఉంటాయి. బదిలీ అయ్యేవాళ్లు వదిలే కూలర్లు, సైకిళ్లు, మంచాలు మన కాలనీల్లో చేతులు మారుతూనే ఉంటాయి. వేసవిలో ఆ కారు బాగానే నడిచింది. చలి మొదలైన దగ్గర్నుంచి తెల్లవారుజామున మొరాయించడం మొదలుపెట్టింది. ఎండెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది.

ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాం. రెండు రోజులకు మళ్లీ అదే మూలుగు. స్టార్టర్ మోటారు పోయిందన్నారు, అదీ మార్చాం. నెల జీతంలో పెద్ద భాగం అక్కడే కరిగిపోయింది. మూడో వారం అర్ధ సంవత్సర పరీక్షల జవాబు పత్రాలు డిక్కీలో పెట్టుకుని బయలుదేరబోతే మళ్లీ అదే కుర్ర్ కుర్ర్.

మా పక్క వరుసలో ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. శ్రీకాకుళం నుంచి చిన్నతనంలోనే వచ్చి భిలాయిలో స్థిరపడిన మనిషి. మేము ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేవాళ్లం. ఆయన మంకీ క్యాపు సర్దుకుంటూ వచ్చి బానెట్ తీయమనలేదు. ముందు ప్రశ్నలు వేశారు. ఎప్పుడు మొరాయిస్తుంది, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా? స్టార్టర్ అసలు తిరగడం లేదా, నెమ్మదిగా తిరుగుతోందా, బాగా తిరిగి కూడా ఇంజన్ అందుకోవడం లేదా? ఈ మధ్య ఏమేం మార్చారు? తరువాత హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నారు. ఆయన కారు ముందుకెళ్లి గోడ మీద పడిన వెలుగునే చూస్తూ నిలబడ్డారు. స్టార్టర్ మూలిగింది. లైట్లు మాత్రం తగ్గలేదు.

అంతే, ఆయనకు సగం జవాబు దొరికింది. బ్యాటరీ నీరసంగా ఉంటే లైట్లు కూడా గుడ్డిదీపాల్లా అయిపోవాలి. కాలేదు కాబట్టి బ్యాటరీలో బలం ఉంది. స్టార్టర్ కొత్తది. ఇక మిగిలింది ఆ బలం స్టార్టర్ దాకా వెళ్లి తిరిగి వచ్చే దారి. లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి తెప్పించి, ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొసను ఇంజన్ ఇనుముకు తగిలించి, మళ్లీ తాళం తిప్పమన్నారు. బండి ఒక్క ఊపులో లేచింది! ఇంజన్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టి ఉంది. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి స్టార్టర్ ఎక్కువ కరెంటు అడిగేది. తుప్పు పట్టిన ఆ చోటు అంత కరెంటును వదిలేది కాదు. ఎండెక్కి ఇంజన్ తేలికపడితే వచ్చిన కొద్దిపాటి కరెంటే సరిపోయేది. గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఖర్చు గరుకు కాగితం ధర.

ఆ రోజు సాయంత్రం మేము జవాబు పత్రాలు దిద్దుతూ ఒక మనిషి గురించి చాలాసేపు అనుకున్నాం. బండి ముందు కూర్చుని, విప్పి చూసి, ఎందుకు కదలదో కనిపెట్టడంతో మొదలైన జీవితం ఆయనది. ఆయన కూడా మనలాగే తెలుగు నేలకు దూరంగా, ఇంట్లో తెలుగు, వీధిలో వేరే భాష వింటూ పెరిగారు. ఆయనే జి.డి. నాయుడు గారు.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి గోపాలస్వామి నాయుడు రైతు. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. నాయుడు గారి కుటుంబమూ అలాంటిదే. ఇంటి భాష తెలుగు, ఊరి భాష తమిళం. మీలో కొందరికి ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, ఆటస్థలంలో ఛత్తీస్‌గఢీ ఉన్నట్టే అనుకోండి.

ఒక నిజం ముందే చెప్పేయాలి, లేకపోతే మీరే ఎక్కడో చదివి మా మీదకు తెస్తారు. నాయుడు గారికి బడి నచ్చలేదు. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ఆగిపోయింది. అయితే మేము కూడా మానేయొచ్చా అని అడిగేవాళ్లు కాస్త ఆగండి, ఈ కథలో బడి మళ్లీ వస్తుంది.

పొలం పనుల్లో ఉన్న ఆ కుర్రవాడి కంట ఒకరోజు ఒక వింత పడింది. రెవెన్యూ శాఖలో పనిచేసే ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిల్ మీద వచ్చాడు. రడ్జ్ కంపెనీ బండి అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంత తానే పరిగెడుతోంది! ఇప్పుడు మన వీధుల్లో బండ్ల మధ్య నడవడానికే చోటు లేదు గానీ, ఆ రోజుల్లో ఒక పల్లె పిల్లవాడికి అది ఎంత ఆశ్చర్యమో ఊహించుకోండి. చాలామంది ఆశ్చర్యపడి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ కుర్రవాడికి మాత్రం అది ఎలా నడుస్తుందో తెలిసే దాకా నిద్ర పట్టలేదు.

తెలుసుకోవాలంటే బండి కావాలి. బండి కావాలంటే డబ్బు కావాలి. నాయుడు గారు కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వర్‌గా కుదిరారు. బల్లలు తుడిచి, ఇడ్లీలు వడ్డించి, పైసా పైసా కూడబెట్టారు. దాదాపు మూడేళ్ల తరువాత ఆ డబ్బుతో మోటారు సైకిల్ కొన్నారు. కొన్నవాడు ఏం చేస్తాడు? ఊరంతా తిరిగి నలుగురికీ చూపించుకుంటాడు. ఈయన మాత్రం దాన్ని పూర్తిగా విప్పేశారు. ఏ ముక్క ఎక్కడిదో, ఏది దేన్ని కదిలిస్తుందో చూసుకున్నారు. తిరిగి బిగించారు. ఆయన చదివిన మొదటి పాఠ్యపుస్తకం ఆ బండే. గురువు లేడు, గైడు లేదు, తప్పు చేస్తే బండే కదలకుండా మొండికేసి చెప్పేది.

ఆ పుస్తకంలో ఏం రాసి ఉందో మనమూ కొంచెం చూద్దాం. పెట్రోలు ఇంజన్ ఏదైనా సరే, నాటి మోటారు సైకిలైనా నేటి కారైనా, లేవడానికి మూడు కావాలి. సరైన పాళ్లలో కలిసిన గాలి, పెట్రోలు ఒకటి. ఆ మిశ్రమాన్ని సిలిండర్‌లో పిస్టన్ గట్టిగా నొక్కడం రెండు. నొక్కిన సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టడం మూడు. ఈ మూడింటినీ మొదలుపెట్టడానికి బయటి నుంచి ఎవరో ఒకరు ఇంజన్‌ను నాలుగు చుట్లు తిప్పి పెట్టాలి. అదే స్టార్ట్ చేయడం. లేవని బండి ఏదైనా సరే, ఈ నాలుగింటిలో ఒకటి కుంటుపడిందన్నమాట.

నాయుడు గారి యవ్వనంలో ఆ తిప్పడం మనిషి చేత్తోనే జరిగేది. కార్ల ముందు భాగంలో ఒక వంపు తిరిగిన ఇనుప హ్యాండిల్ దూర్చి, బలమంతా పెట్టి తిప్పేవారు. నిప్పురవ్వ తొందరపడి ముందే పుడితే ఇంజన్ వెనక్కి తన్నేది, హ్యాండిల్ తగిలి మణికట్టు విరిగేది. 1912లో అమెరికాలో చార్ల్స్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ కాడిలాక్ కార్లలో వచ్చింది. తరువాత నెమ్మదిగా అన్ని కార్లకూ పాకింది. అయినా మన దేశంలో లారీల ముందు హ్యాండిల్ తిప్పే దృశ్యం మీ తాతగార్లు బాగా ఎరుగుదురు. అడిగి చూడండి, ఒక్కొక్కరి దగ్గరా ఒక కథ ఉంటుంది.

బండి విప్పడం నేర్చిన నాయుడు గారు వెంటనే పైకి వచ్చేశారనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తి వ్యాపారంలో దిగారు. కొంత సంపాదించారు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్లి, అక్కడి పెద్ద పత్తి వ్యాపారుల ముందు నిలవలేక నష్టపోయి తిరిగొచ్చారు. ఊరు మారి, చేతులు కాల్చుకుని వచ్చిన మనిషి మళ్లీ తనకు బాగా తెలిసిన పని దగ్గరకే వెళ్లారు. అదే బండి.

కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనకు చేయూతనిచ్చారు. 1920లో నాయుడు గారు ఒక మోటారు బస్సు కొని, పొల్లాచ్చి, పళని మధ్య నడపడం మొదలుపెట్టారు. డ్రైవరూ తనే, మెకానిక్కూ తనే. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండకు వెళ్లే భక్తులు, సంతకు వెళ్లే రైతులు ఆ బస్సు ఎక్కేవారు. బస్సు దారిలో ఆగిపోతే దగ్గర్లో షెడ్డు లేదు, ఫోను లేదు, ఇంకో బస్సు లేదు. జనం చూస్తుండగా అక్కడికక్కడే లోపం పట్టుకోవాలి. దొరికిన ముక్కనల్లా మార్చడానికి చేతిలో ముక్కలూ ఉండవు. కాబట్టి ముందు ఆలోచించాలి, తరువాతే స్పానర్ పట్టాలి. మా బాబాయిగారు బానెట్ తీయకముందే ప్రశ్నలు వేసింది కూడా ఇందుకే.

ఆ ఒక్క బస్సు పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అని జనం పిలుచుకునేవారు. 1930లలో ఆ బస్సులు రెండు వందలు దాటాయి. మన దేశంలో ప్రయాణికుల బస్సులను అంత చక్కగా నడిపిన సంస్థలు అప్పట్లో చాలా తక్కువ. వందల బండ్లున్నవాడికి ఒక విషయం అర్థమవుతుంది. బండి ఆగాక బాగుచేయడం ఒక విద్య, ఆగకముందే దాని చప్పుడు విని కనిపెట్టడం అంతకన్నా పెద్ద విద్య. రోజూ చూసుకునే బండి హఠాత్తుగా ఆగదు. ముందు రోజుల్లో కొంచెం కొంచెంగా చెబుతూనే ఉంటుంది. మా కారు కూడా నవంబరు నుంచే చెప్పింది, మేమే వినలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన ఒక సంపన్న బస్సు యజమానిగా మిగిలిపోయేవారు. కానీ విప్పి చూసే చేతులు ఊరుకోవు కదా. 1937లో కోయంబత్తూరు పీలమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలోనే తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దానికి పేరు. అంతకుముందు అలాంటి మోటారు కావాలంటే ఓడలో విదేశం నుంచి రావాల్సిందే. నేడు కోయంబత్తూరు అంటే పంపులకు, మోటార్లకు పెట్టింది పేరు. మీ తాతల ఊళ్లో బోరు బావి దగ్గర మోటారు మీది రేకును ఈసారి సెలవుల్లో చదవండి. అందులో చాలావాటి మీద ఆ ఊరి పేరే కనిపిస్తుంది.

ఇంకా ఎన్నో చేశారు. పొడి బ్యాటరీలతో నడిచే చిన్న మోటారున్న గడ్డం గీసే యంత్రాన్ని రసాంత్ అనే పేరుతో జర్మనీలో తయారుచేయించారు. పలుచటి బ్లేళ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓట్ల యంత్రం, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం ఆయన చేతుల మీదుగా వచ్చాయి. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. కెమెరా అన్నా ప్రాణమే. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము మీద పట్టారు. తోటలో బొప్పాయి, పత్తి మీద ప్రయోగాలు చేశారు. ఒక యంత్రానికి సంబంధించినవాడు మొక్కల జోలికెందుకు అని మీరు అడగొచ్చు. ఎందుకిలా ఉంది, ఇంకోలా ఎందుకుండకూడదు అనే ప్రశ్న అలవాటైతే అది ఇంజన్ దగ్గర ఆగదు.

ఇప్పుడు బడి దగ్గరకు వద్దాం. బస్సుల వ్యాపారంలో రోజువారీ బాధ్యతల నుంచి 1944లో తప్పుకున్నాక నాయుడు గారు పరిశోధనకు, కార్మికుల సంక్షేమానికి, చదువుకు తన డబ్బు మళ్లించారు. కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల రావడానికి కారకులయ్యారు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. 1945లో మొదలైన ఆ ఇంజనీరింగ్ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. దానికి మొదట్లో ప్రిన్సిపాల్‌గా ఉన్నది ఎవరనుకున్నారు? ప్రాథమిక బడి కూడా దాటని మన నాయుడు గారే!

ఇంజనీరింగ్‌కు నాలుగేళ్లు అక్కర్లేదు, చేతికి పనిచెప్పి నేర్పితే రెండేళ్లు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. ఎవరిది సరైన వాదన అన్నది మీ తరగతిలో చర్చ పెట్టుకోవచ్చు. మాకైతే ఒక్క సంగతి ముఖ్యం. బడి తనకు సరిపడలేదని ఆయన బడినే కాదనలేదు. తనలాంటి పిల్లలు నిలబడగల బడి కట్టాలనుకున్నారు. చదువు మానేసిన మనిషి చివరికి సంపాదించిన దాన్ని చదువు మీదే పెట్టారు. కాబట్టి హోంవర్కు ఎగ్గొట్టడానికి నాయుడు గారి పేరు వాడుకోవడం కుదరదు.

ఆయన జీవితంలో మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే ఘట్టం 1952 నాటిది. ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారైంది. ధర 2,000 రూపాయలు. సామాన్య ఉద్యోగి కూడా ఎప్పటికైనా కొనుక్కోగలననుకునే ధర. అయితే ఆ రోజుల్లో ఏ పరిశ్రమకైనా ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. ఆ కారుకు లైసెన్సు దొరకలేదు, తయారీ ఆగిపోయింది. ఆలోచించండి. ఆ బండిలో పెట్రోలు ఉంది, నిప్పురవ్వ ఉంది, ఇంజన్‌లో బలం ఉంది. లోపం బండిలో లేదు. దారిలో ఎక్కడో ఒక చోట కరెంటు ఆగిపోయింది. ఎంత గొప్ప మెకానిక్కు అయినా తన చేతుల్లో లేని బోల్టును బిగించలేడు. తక్కువ ధరలో చిన్న కారు కోసం మన దేశం ఆ తరువాత మూడు దశాబ్దాలు ఎదురుచూసింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాన్ని చూడటానికి నాయుడు గారు లేరు.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన సేకరించిన యంత్రాలు, పరికరాల ప్రదర్శనశాల ఉంది. ఆ కుటుంబమే పాత కార్ల మ్యూజియం కూడా నడుపుతోంది. చక్రాల మీద మనిషి ఎలా ఎదిగాడో అక్కడ వరుసగా కనిపిస్తుంది. అదే రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల పొడవున కట్టిన పై వంతెనకు 2025లో జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. దక్షిణాదికి బదిలీ అయ్యే అదృష్టం ఎవరికైనా పడితే ఒక ఆదివారం ఆ మ్యూజియంకు వెళ్లి రండి. భారతదేశపు ఎడిసన్ అని ఆయన్ని ఎందుకు పిలుస్తారో మీకే తెలుస్తుంది.

పిల్లలూ, మన ఇంటి ముందు బండి మొరాయించినప్పుడు నాయుడు గారి పద్ధతిలో ఎలా చూడాలో కూడా చెప్పి ముగిస్తాం. ఇది పెద్దవాళ్ల పక్కన నిలబడి చేయాల్సిన పని, ఒంటరిగా కాదు. బ్యాటరీ దగ్గర మంటకు తగిలే వాయువు వెలువడుతుంది కాబట్టి అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు, స్పానర్‌తో రెండు కొసలనూ ఒకేసారి తాకకూడదు.

మొదట చెవి పెట్టాలి. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోయినా, టిక్కు టిక్కు అని ఆగిపోయినా, నెమ్మదిగా మూలిగినా కరెంటు వైపు చూడాలి. హెడ్‌లైట్ల పరీక్ష మీరు చూశారు. లైట్లు కుంగిపోతే బ్యాటరీ నీరసపడి ఉండాలి, లేదా దాని కొసల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉండాలి. లైట్లు బాగుండి స్టార్టర్ మాత్రం తిరగకపోతే స్టార్టరో, తాళం స్విచ్చో, దారిలోని వైరో, ఎర్త్ వైరో. మీటరు ఉంటే ఇంకా సులువు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పని చేయడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల ముచ్చటే.

స్టార్టర్ చకచకా తిరిగి కూడా ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీని అనుమానించి లాభం లేదు. అప్పుడు పెట్రోలు, గాలి, నిప్పురవ్వ వైపు తిరగాలి. ముందు ట్యాంకులో పెట్రోలు ఉందో లేదో చూడండి. నవ్వకండి, ఇది మర్చిపోయి షెడ్డు దాకా తోసుకెళ్లిన మాస్టార్లు ఉన్నారు. ఇప్పటి పెట్రోలు కార్లలో తాళం సగం తిప్పగానే వెనక సీటు కింద పంపు రెండు క్షణాలు జుయ్‌మంటుంది. అది వినపడకపోతే ఫ్యూజు, పంపు చూడాలి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఎక్కువై ప్లగ్గులు తడిసి ఉంటాయి. ఏది ఏమైనా స్టార్టర్‌ను ఒక్కసారికి ఐదారు క్షణాలకు మించి తిప్పకూడదు, మధ్యలో దానికి విశ్రాంతి ఇవ్వాలి. కోపంతో తిప్పితే ఉన్న బ్యాటరీ కూడా చస్తుంది. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే ఏది మందో, ఏది అనవసరమో ఎప్పటికీ తెలియదు.

ఇంకొక్క మాట. ఎర్త్ వైరు దొరికిన ఆ సాయంత్రం దిద్దిన కాగితాల్లో ఒకటి దాదాపు ఖాళీగా ఉంది. ఆ సంవత్సరమే వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చిన పిల్లవాడిది. తరగతిలో నోరు విప్పేవాడు కాదు. బద్ధకమని మేము అప్పటికే తీర్మానించి, అదనపు హోంవర్కు ఇచ్చాం, ముందు బెంచీలో కూర్చోబెట్టాం, ఇంటికి కబురు పెట్టాం. చూశారా, బ్యాటరీ మార్చేశాం, స్టార్టర్ మార్చేశాం. మరునాడు మొదటిసారి ప్రశ్నలు వేశాం. ఎప్పటి నుంచి, ఏ పాఠం దగ్గర, చదివేటప్పుడా రాసేటప్పుడా అని. తెలుగు గలగలా మాట్లాడగలడు. అంతకుముందున్న బడిలో తెలుగు లేదు. అక్షరాలు అమ్మమ్మ దగ్గర సెలవుల్లో నేర్చుకున్నాడు. ఒత్తులు ఎవరూ నేర్పలేదు. ఒత్తు ఉన్న మాట రాగానే ఆగిపోయి, మిగతావాళ్లు నవ్వుతారేమోనని మాట్లాడకుండా కూర్చునేవాడు. రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు కూర్చున్నాం. వార్షిక పరీక్షలో అతని కాగితం నిండుగా వచ్చింది.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉన్నాడు, వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. మాకూ ఎప్పుడో ఒకప్పుడు కాగితం వస్తుంది, ఈ కారు మళ్లీ ఎవరికో అమ్ముతాం. కొన్నవాళ్లకు ఎర్త్ వైరు ఎక్కడుందో ముందే చూపించి మరీ అమ్ముతాం. మీరు కూడా కొత్త ఊళ్లో, కొత్త బడిలో మొదటి నెల మొరాయిస్తే మీలో ఏదో పోయిందని వెంటనే అనుకోకండి. ఎప్పుడు, ఎక్కడ, దేని దగ్గర ఆగుతున్నారో చూసుకుని టీచరుగారికి చెప్పండి. మేమూ బానెట్ ఎత్తేముందు అడగడం నేర్చుకుంటున్నాం.